అబ్బాయిని స్పెయిన్ పంపిస్తామంటున్నారు

ఆటల పేజీ: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాను. మా వాడికి పన్నెండేళ్ళు, ఏడో తరగతి. రోజూ సాయంత్రం బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఫుట్‌బాల్ ఆడతాడు. ఎడమ కాలి వాటం, ఆట బాగుందని చూసినవాళ్ళందరూ అంటారు. పోయిన నెల విజయవాడలో ఒకాయన ఒక్క పూట సెలెక్షన్లు పెట్టి, మా వాడు ఎంపికయ్యాడన్నాడు. స్పెయిన్‌లో పెద్ద క్లబ్బు అకాడమీలో చేర్పిస్తాను, వీసాతో కలిపి ఆరు లక్షలు కట్టమంటున్నాడు. మెస్సీ కూడా పదమూడేళ్ళకే వెళ్ళాడు కదా అంటున్నాడు. ప్రత్తిపాడు దగ్గర నా వాటాకు అర ఎకరం వచ్చింది. అమ్మమంటారా?
ఒక తండ్రి, గుంటూరు

జవాబు: తమ్ముడూ, ఆ అర ఎకరం అమ్మవద్దు. ఒక్క రూపాయి ఇవ్వవద్దు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే రసీదు, ఫోనులో వచ్చిన సందేశాలు పట్టుకుని నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళండి.

ఎందుకంటే, ఆయన చెబుతున్నది జరిగే పని కాదు. ఆటగాళ్ళ బదిలీలపై ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నియమావళిలో 19వ నిబంధన ఉంది. దాని ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాణ్ణి పరాయి దేశపు క్లబ్బు నమోదు చేసుకోకూడదు. మినహాయింపులు కొన్నే. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో అక్కడికి కాపురం మారి ఉండాలి. లేదా పదహారు నిండి, ఐరోపా దేశాల మధ్యే మారుతూ ఉండాలి. లేదా ఇల్లు సరిహద్దుకు 50 కిలోమీటర్ల లోపు ఉండాలి. గుంటూరులో ఉన్న మీ వాడికి ఇవేవీ వర్తించవు. మెస్సీ మాట నిజమే, కానీ ఆయన అర్జెంటీనా నుంచి బార్సిలోనా వెళ్ళింది 2000లో. పిల్లల బదిలీలపై ఆంక్షలు వచ్చింది 2001లో. ఆ ఆంక్షలను మీరినందుకు 2014లో అదే బార్సిలోనా క్లబ్బుకు ఫిఫా శిక్ష వేసింది. 2015 అంతా ఆ క్లబ్బు కొత్తవాళ్ళను నమోదు చేసుకోలేకపోయింది. అంత పెద్ద క్లబ్బుకే తప్పించుకోవడం కుదరనప్పుడు విజయవాడలో ఒక్క పూట సెలెక్షన్లు పెట్టినాయన ఏం చేయగలడు? రెండు వారాలు ఎక్కడో ఆడించి, క్లబ్బు చొక్కా తొడిగి ఫొటో తీసి పంపడం తప్ప.

అసలు క్లబ్బు అకాడమీ అంటే ఏమిటో మీకు తెలియాలి. బార్సిలోనా వాళ్ళ లా మాసియా 1702లో కట్టిన రాతి ఇల్లు, వాళ్ళ స్టేడియం పక్కనే ఉంటుంది. దూరపు ఊళ్ళ పిల్లలు ఉండడానికి 1979లో దాన్ని వసతి గృహంగా మార్చారు. 2011లో పిల్లలను శిక్షణ మైదానాలు ఉన్న చోటికే, కొత్త భవనంలోకి తీసుకెళ్ళారు. ఎంపికైన పిల్లవాడి తిండి, చదువు, వైద్యం అన్నీ క్లబ్బు చూసుకుంటుంది. అది ధర్మం కాదు, పెట్టుబడి. ఆటగాడు పెద్దయ్యాక ఒప్పందం నడుస్తుండగా మరో క్లబ్బు అతన్ని కొనుక్కుంటే, ఆ సొమ్ములో 5 శాతం అతను పన్నెండు నుంచి ఇరవై మూడేళ్ళ దాకా ఆడిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. పిల్లవాడి మీద నిజంగా నమ్మకం ఉన్న క్లబ్బు తానే ఖర్చు పెడుతుంది. మీ జేబు వైపు చూసేవాడికి మీ వాడి ఆటతో పని లేదు. ఊళ్ళో కోచ్‌కు నెల నెలా ఇచ్చే ఫీజు వేరే సంగతి, అది న్యాయమైనది.

ఇక మైదానాలు. ఇంగ్లండు క్లబ్బు మాంచెస్టర్ సిటీ 2014లో తెరిచిన శిక్షణ ప్రాంగణం 80 ఎకరాలు, అందులో పదహారున్నర పిచ్‌లు. అన్నెందుకంటే పచ్చిక రోజూ తొక్కిడి తట్టుకోలేదు, దానికి విశ్రాంతి కావాలి. పైగా ఏ వయసు జట్టుకు ఆ జట్టు విడిగా సాధన చేయాలి. మన పిల్లలు ఒకే స్టేడియంలో నడకకు వచ్చేవాళ్ళ మధ్య, క్రికెట్ బంతుల మధ్య ఆడుతూ కూడా బంతిని అదుపులో ఉంచుకోవడం నేర్చుకుంటున్నారు. వాళ్ళను చూస్తే నాకు గర్వంగా ఉంటుంది, మైదానం చూస్తే కడుపు మండుతుంది.

చదువు మాన్పించమని ఎవరన్నా వినకండి. లా మాసియాలో పెరిగిన స్పెయిన్ ఆటగాడు లామిన్ యమాల్ 2024 యూరో కప్ ఆడుతూనే మన పదో తరగతి లాంటి చదువు పూర్తి చేశాడు. హోటల్ గదిలో హోంవర్కు చేసుకున్నాడు. ఫైనల్‌కు ముందు రోజే అతనికి పదిహేడు నిండాయి, కప్పు స్పెయిన్ గెలిచింది. అకాడమీలు చాలామంది పిల్లలను మధ్యలోనే ఇంటికి పంపేస్తాయి. అలా వచ్చిన పిల్లవాడి చేతిలో చదువైనా ఉండాలి.

మీ వాడికి దారి మన దేశంలోనే ఉంది. ముందు బడి తరఫున సుబ్రతో కప్‌లో ఆడించండి. 1960 నుంచి జరుగుతున్న పోటీ అది. జంషెడ్‌పూర్‌లో 1987 నుంచి టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఉంది. నవీ ముంబయిలో 2015లో మొదలైన రిలయన్స్ యంగ్ చాంప్స్ ఎంపికైన పిల్లలకు పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తుంది. బెంగళూరు ఎఫ్‌సీ రెసిడెన్షియల్ అకాడమీ పెట్టింది బళ్ళారి దగ్గర విజయనగర్‌లో. గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బళ్ళారిలో దిగవచ్చు. ఇంకా దగ్గర కావాలంటే అనంతపురంలో ఆర్‌డీటీ అనే సేవా సంస్థ వాళ్ళ క్రీడా గ్రామం ఉంది. ట్రయల్స్ ప్రకటన క్లబ్బు సొంత వెబ్‌సైటులో ఉందో లేదో చూసుకున్నాకే బయలుదేరండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్ళు. మనిషి చిన్నగా ఉంటాడు కాబట్టి జనన ధ్రువపత్రంలో రెండేళ్ళు తగ్గిస్తే అండర్-13లో మెరుస్తాడని కోచ్ అంటున్నారు. చేయించమంటారా?
ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: వద్దమ్మా. ఎడమ మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేస్తారు, దాన్ని టీడబ్ల్యూ3 పరీక్ష అంటారు. అండర్-17 ప్రపంచ కప్‌లో 2009 నుంచి ఎంఆర్‌ఐ కూడా ఉంది. దొరికితే మీ అబ్బాయి మీద నిషేధం పడుతుంది. పైగా తన కంటే చిన్నవాళ్ళతో ఆడితే రెండేళ్ళ పాటు కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు. ఆలస్యంగా ఎదిగే పిల్లల సంగతి మంచి అకాడమీలకు తెలుసు. ఇంగ్లండులో కొన్ని చోట్ల వయసును పక్కన పెట్టి, శరీరం ఎదిగిన తీరును బట్టి జట్లు కట్టి ఆడిస్తున్నారు కూడా. స్పెయిన్ ఆటగాడు ఇనియెస్తా ఒడ్డూ పొడుగూ లేని మనిషే, 2010 ప్రపంచ కప్ ఫైనల్‌లో గోలు కొట్టింది ఆయనే. మీ వాడిని అసలు వయసుతోనే ఆడించండి, కోచ్‌ను మాత్రం ఈ వారమే మార్చండి.