పాపని నాయనమ్మ దగ్గరికి పంపండి, మీరు మీ అమ్మ దగ్గరికి వెళ్లండి

ప్రశ్న: మాది రాజమండ్రి. ఫ్రెంచి అబ్బాయిని పెళ్లి చేసుకుని పారిస్‌లో ఉంటున్నాను. ఏటా జులై, ఆగస్టుల్లో మా అత్తగారు ఏడేళ్ల పాపని దోర్దోన్‌ ప్రాంతంలోని తన పల్లెటూళ్లో ఉంచుకుంటారు. తిరిగొచ్చేసరికి తెలుగు మర్చిపోతోంది. పైగా అక్కడ బాతు మాంసం పెడుతున్నారు. నాకు ఒకటే టెన్షన్. ఈసారి పంపడం మానేస్తే తప్పా?

జవాబు: తప్పే. పంపండి.

దోర్దోన్‌లో బాతు మాంసం లేని వంటిల్లు అరుదు. పాప మాంసం తినదని ఆవిడకు సూటిగా చెప్పండి. మీరు మనసులో పెట్టుకుంటే ఆవిడకెలా తెలుస్తుంది? తెలుగు అంటారా, మిగతా పది నెలలూ ఇంట్లో మీరు మాట్లాడితే అదే నిలుస్తుంది.

పాప చెప్పిన కబుర్లన్నీ మీ ఉత్తరంలో మీరే రాశారు. పొద్దున్నే కోళ్లగూట్లో చెయ్యిపెట్టి వెచ్చటి గుడ్డు తీయడం, సాయంత్రం నాలుగింటికి వాల్‌నట్ చెట్టు కింద రొట్టె మధ్య చాక్లెట్ ముక్క పెట్టుకుని తినడం, రాత్రి పదవుతున్నా ఇంకా వెలుతురుందని నిద్రపోకుండా పేచీ పెట్టడం, జులై 14న, ఫ్రాన్స్ జాతీయ దినం నాడు, బాణసంచా చూడ్డానికి పెదనాన్న భుజాలెక్కడం. ఏడేళ్ల పిల్లకి ఇంతకంటే ఏం కావాలి? ఇంత ఇష్టంగా రాసి, ఇదంతా ఆపేస్తానంటున్నారు. ఎందుకో రెండో పేజీ చివర దొరికింది: ‘మా అమ్మ ఇంతవరకు పాపని ఎత్తుకోలేదు.’

అదీ అసలు బాధ. మీకు అత్తగారి మీద కోపం లేదు. మీ అమ్మ చేతుల్లో పెరగాల్సిన పిల్ల ఆవిడ చేతుల్లో ముద్దుగా పెరుగుతుంటే తట్టుకోలేకపోతున్నారు. కులం కాదు, దేశం కాదని మీ అమ్మ పెళ్లికి రాలేదు. నిజమే, అది చిన్న గాయం కాదు. కానీ పాప పుట్టాక ఆవిడే ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేసింది మీరు. అప్పట్నుంచీ ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారు.

మీరుంటున్న దేశపు సివిల్ కోడ్ 371-4వ అధికరణ ఏమంటుందో తెలుసా? అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యలతో అనుబంధం పిల్లల హక్కు. ఆ బిడ్డకు మేలు కాదనుకుంటే తప్ప దాన్ని కాదనకూడదు. మరి రాజమండ్రి అమ్మమ్మ ఆ లెక్కలోకి రాదా?

పెళ్లి గురించి క్షమాపణ అడగకండి. మీరు తప్పు చేయలేదు. ఆత్మగౌరవం వదులుకోమని నేనెవరికీ చెప్పను. కానీ కన్నతల్లి గడప తొక్కనని భీష్మించుకోవడాన్ని ఆత్మగౌరవం అంటే ఒప్పుకోను. ఆవిడ ఒక మెట్టు దిగింది. ఇక వంతు మీది.

జులైలో వెళ్తే మామిడిపళ్లు అయిపోయి ఉంటాయి, గోదారికి వరదొచ్చే రోజులు. మీ పాప స్కూలుకి ఏప్రిల్ ప్రాంతంలో రెండు వారాలు సెలవులుంటాయి కదా, అప్పుడు ముగ్గురూ వెళ్లండి. హోటల్లో దిగకండి. మొదటి రెండ్రోజులు ఆవిడ అల్లుడితో మాట్లాడకపోయినా పట్టించుకోవద్దు. రాత్రి పాపని అమ్మమ్మ పక్కనే పడుకోబెట్టండి. జులై వచ్చాక ఎప్పటిలాగే నాయనమ్మ దగ్గరికి పంపండి. వస్తున్నామని ఫోన్ మాత్రం మీరే చేయాలి, మీ తమ్ముడి చేత చెప్పించొద్దు.