వెనక పేజీలకు ఎందుకంత ఆలస్యం?

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆర్డర్లను స్టేటస్‌తో వడపోసి, కొత్తవి ముందుగా, పేజీకి 20 చూపిస్తున్నాం. స్టేటస్‌కీ తేదీకీ విడివిడిగా ఇండెక్స్‌లు (వరుసల్ని త్వరగా వెతికిపెట్టే సూచికలు) ఉన్నా నెమ్మదే. వెనక పేజీలైతే మరీనూ!

జవాబు: స్టేటస్, తేదీ, ఐడీ... ఈ వరుసలోనే ఒక ఉమ్మడి ఇండెక్స్ పెట్టండి. సమానం గుర్తుతో వెతికే కాలమ్ ముందుండాలి. తేదీ ముందుంటే అక్కర్లేని స్టేటస్‌లన్నీ దాటుకుంటూ పోవాల్సిందే. ఎక్స్‌ప్లెయిన్‌లో (క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపే ఆదేశం) ఈ కొత్త ఇండెక్స్ పేరు కనబడి, సార్ట్ అన్న మాట మాయమైతే అది పనిచేస్తున్నట్టు.

ఇక వెనక పేజీలు. ఆఫ్‌సెట్ (మొదటి ఇన్ని వరుసలు వదిలెయ్యమనే మాట) 1,00,000 అంటే లక్ష వరుసలు చదివి పారేసి, తర్వాతి 20 ఇవ్వడం. ఏ ఇండెక్సూ దాన్ని తప్పించలేదు. దాని బదులు కిందటి పేజీలోని చివరి వరుస తేదీ, ఐడీ పంపి, (తేదీ, ఐడీ) జంట అంతకంటే చిన్నదైనవి అడగండి. ఆర్డర్ బైలో (క్రమం చెప్పే భాగం) రెండూ డిసెండింగే, అంటే పెద్దది ముందు. ఐడీ వదిలేశారో, ఒకే క్షణంలో పడ్డ ఆర్డర్లు పేజీల మధ్య జారిపోతాయి. నేరుగా 500వ పేజీకి దూకడం మాత్రం ఇక కుదరదు.