జెల్లీఫిన్ పెట్టుకుంటున్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశా. పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ వేసి, ఇంట్లో టీవీకి సినిమాలు వచ్చేలా జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ పెడతానన్నావు. మంచి పని. 2018 చివర్లో ఎంబీ అనే ఇలాంటి సర్వర్ వాళ్ళు సోర్స్ కోడ్ అందరికీ ఇవ్వడం ఆపేస్తే, అప్పటిదాకా బయట ఉన్న కోడ్ పట్టుకుని కొందరు విడిగా మొదలెట్టిందే ఇది. డబ్బులడగదు.

ఎక్కించడం ఐదు నిమిషాల పని. వాళ్ళ సైట్లో ఉబుంటుకి స్క్రిప్ట్ ఉంది. దించుకుని, ఓసారి చదివి, సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో నడుపు. ఆ మెషీన్ బ్రౌజర్లోనే లోకల్‌హోస్ట్, 8096 పోర్ట్ కొడితే సెటప్ వస్తుంది.

తంటా అంతా ఆ తర్వాతే. ఫోల్డర్ చూపిస్తావు, స్కాన్ తిరుగుతుంది, ఒక్క సినిమా కనబడదు. నేను రెండు రాత్రులు దీనితో కొట్టుకున్నా. తీసేసి మళ్ళీ ఎక్కించా, అదీ మూడుసార్లు! తీరా చూస్తే సర్వర్ నా పేరు మీద నడవట్లేదు. దానికి 'జెల్లీఫిన్' అని సొంత యూజర్ ఉంటాడు. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లకి పర్మిషన్ 750, అంటే ఆ యూజర్ నీ గడప తొక్కలేడు. గుచ్చగానే తెరుచుకునే ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా అంతే, నీ పేరుతోనే మౌంట్ అవుతుంది. పైగా నువ్వు లాగిన్ కాకపోతే అసలు మౌంటే కాదు. కరెంటు పోయొచ్చిందంటే టీవీ ముందు అందరూ నిన్నే పిలుస్తారు.

అందుకని డిస్క్ యూయూఐడీని (దాని గుర్తింపు నంబర్) ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో, అంటే మెషీన్ లేవగానే ఏ డిస్కులు మౌంట్ చెయ్యాలో చెప్పే ఫైల్లో రాసెయ్. ఆ లైన్లో 'నోఫెయిల్' అన్న ఆప్షన్ మాత్రం మర్చిపోకు, లేకపోతే డిస్క్ ఊడిన రోజు మెషీనే పైకి లేవదు. తర్వాత సుడోకి మైనస్ యూ జెల్లీఫిన్ తగిలించి, అంటే ఆ యూజర్ పేరు మీద, ఆ ఫోల్డర్లో ఏమున్నాయో చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టు. ఫైళ్ళ పేర్లు కనబడ్డాకే లైబ్రరీ జోలికి వెళ్ళు.

సినిమాకో ఫోల్డర్, పేరు పక్కన బ్రాకెట్లో సంవత్సరం. ఉత్త 'మాయాబజార్' అని వదిలేస్తే 1957దో 2006దో దానికేం తెలుసు? మీ అమ్మ పెళ్ళి వీడియోని సినిమాల్లో పడేస్తే ఏదో ఇంగ్లీషు సినిమా పోస్టర్ అంటించింది. ఇంటి వీడియోలకి వేరే లైబ్రరీ రకం ఉంది, అందులో పెట్టు.

పవర్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సస్పెండ్ ఆపెయ్. రౌటర్లో 8096ని బయటికి తెరవకు. హాస్టల్ నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెడదాం.

పెళ్ళి వీడియో డిస్క్ సంక్రాంతికి తెస్తా. ఈలోగా దానికి చోటు ఖాళీ చెయ్, 40 జీబీ ఉంటుంది.

మీ మావయ్య