పాత ప్లాస్టిక్ కుండీలకు సిమెంటు పూస్తే ఊడిపోతోంది, ఏం చేయాలి?

మీరు పూసిన సిమెంటు నాలుగు రోజులుండి పెచ్చులుగా ఊడిందన్నారు. మీరే నయం. నేను పూసింది మర్నాడు పొద్దున్నకే కుండీ చుట్టూ రాలి పడి ఉంది. రాజమండ్రిలో మా డాబా మీద ఇది జరిగి ఆరేళ్ళవుతోంది. ఈ ఆరేళ్ళలో ఇరవై పైచిలుకు కుండీలు చేశాను. మూడు బీటలిచ్చాయి, ఒకటి అసలు గట్టిపడనే లేదు. మీరు నాలుగు సంగతులు అడిగారు: ఎందుకు ఊడుతోంది, సరిగ్గా ఎలా చేయాలి, మొక్కలకి సిమెంటు పడుతుందా, డాబా ఆ బరువు మోస్తుందా అని. నాకు తగిలిన దెబ్బలను బట్టి చెప్తాను.

మా వీధి చివర ఒక తాపీ మేస్త్రి గారున్నారు, బాబాయ్ అంటాను. ఆ రాలిన పెచ్చులు తీసుకెళ్ళి చూపిస్తే, "ప్లాస్టిక్కు మీద సిమెంటంటే తామరాకు మీద నీటిబొట్టమ్మా. ఇటుకైతే నీళ్ళు పీలుస్తుంది, మాలు పట్టుకుంటుంది. ఇదేం పీలుస్తుంది?" అన్నారు. దానికి తోడు ఎండకి ప్లాస్టిక్కు సాగినంతగా సిమెంటు సాగదు, దాదాపు పది రెట్లు తేడా. మా ఊరి మే నెల ఎండకి మధ్యాహ్నం కుండీ సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. పైనున్న సన్నటి పొర ఎన్నాళ్ళని తట్టుకుంటుంది? గరుకు కాగితంతో రుద్ది పూస్తే నిలుస్తుందని వీడియోల్లో చెప్తారు. అదీ చేశాను. పది రోజులు ఎక్కువ నిలిచింది, అంతే.

అందుకని ఆ ప్లాస్టిక్ కుండీలని అచ్చులుగా వాడుకోండి. మీ దగ్గర ముప్ఫై దాకా ఉన్నాయన్నారు, అన్నీ ఒకే సైజు అయి ఉండవు. ఒకదానిలో ఒకటి దింపి చూడండి. చుట్టూ అంగుళం, అంటే బొటనవేలి మందం ఖాళీ ఉంటే ఆ జత కుదిరినట్టే. సాధారణంగా 12 అంగుళాల దానిలో 10 అంగుళాలది సరిపోతుంది. అంచు లోపలికి మడత పడి ఉన్న కుండీని బయటి అచ్చుగా పెట్టకండి, లోపల గట్టిపడ్డది బయటికి రాదు. ఆ మడతని రంపపు బ్లేడుతో కోసేస్తే సరి. ఎండకి పెళుసెక్కి ఎటూ పారేయాలనుకున్న కుండీ అయితే ఇంకా మంచిది. పక్కన నిలువుగా ఒక గాటు పెట్టి, పైన టేపు చుట్టి వాడండి. విప్పేటప్పుడు టేపు తీస్తే అచ్చు దానంతటదే తెరుచుకుంటుంది. అదే అచ్చుతో నేను ఆరు కుండీలు తీశాను.

పెద్దదానికి లోపలివైపు, చిన్నదానికి బయటివైపు నూనె రాయాలి. అప్పడాలు వేయించగా మిగిలిన నూనె చాలు. పెద్దదాని అడుగు చిల్లులని టేపుతో మూసి, మధ్యలో అంగుళంన్నర పొడవు పీవీసీ పైపు ముక్క నిలబెట్టండి. అడుగున మాలు, అంటే సిమెంటూ ఇసుకా నీళ్ళతో కలిపిన ముద్ద, ఆ పైపు ఎత్తు వరకే నింపాలి. చిన్న కుండీ దాని మీద కూర్చుంటుంది, ఆ పైపు ముక్కే తర్వాత నీళ్ళు పోయే దారి అవుతుంది.

మాలుకి ఒక డబ్బా సిమెంటు, రెండు డబ్బాల జల్లించిన ఇసుక. మాకు గోదావరి ఇసుక దొరుకుతుంది. రోబో ఇసుక, అంటే రాళ్ళు పిండి చేసి తీసే ఇసుక, దొరికేచోట అదే వాడుకోవచ్చు, కాకపోతే ముతక రాళ్ళు జల్లించి తీసేయాలి. ముందు పొడిగా రెండు మూడుసార్లు తిరగేసి, తర్వాత నీళ్ళు కొంచెం కొంచెంగా చల్లుతూ కలపండి. బొబ్బట్లలోకి చేసుకునే పూర్ణం ముద్దలా రావాలి. జారుగా కలిపితే పోయడం హాయిగానే ఉంటుంది, కానీ ఆ ఎక్కువైన నీళ్ళు ఆవిరైపోయాక కుండీ గుల్లగా మిగులుతుంది. ఒక 12 అంగుళాల కుండీకి నాలుగు కిలోల సిమెంటు పడుతుంది. విడిగా కిలోల లెక్కన కొనేటప్పుడు వేళ్ళతో నలిపి చూడండి, నలగని గడ్డలుంటే అది తేమ తాగిన సిమెంటు, వద్దు.

లోపలి కుండీ పైకి తేలకుండా, వంకర పోకుండా దానిలో ఒక ఇటుక పెట్టి, ఖాళీలోకి మాలు గుప్పెడు గుప్పెడు దింపుతూ సన్నటి కర్రతో కూరాలి. ప్రతి నాలుగు వేళ్ళ ఎత్తుకీ ఆగి, అప్పడాల కర్రతో చుట్టూ తట్టండి. తట్టేకొద్దీ బుడగలు పైకొచ్చి టప్ టప్‌మని పగులుతాయి. నా మొదటి కుండీకి తట్టలేదు, విప్పి చూస్తే ఒక పక్కంతా తేనెపట్టే.

గట్టిపడని కుండీ సంగతి చెప్పాలి. మేం మొక్కలకి పేడ, బెల్లం వేసి జీవామృతం అనే ఎరువు కలుపుకుంటాం. దాని కోసం బెల్లం నానేసిన బకెట్ ఒకటి పక్కనే ఉంది. చూసుకోకుండా అందులోనే నీళ్ళు పట్టి మాలు కలిపేశాను. అడుగున నిమ్మకాయంత బెల్లం గడ్డ ఇంకా కరుగుతూ ఉంది. మర్నాడు చూస్తే పచ్చిగా ఉంది. ముసురు పట్టింది కదా, ఆలస్యమవుతుందిలే అనుకున్నాను. మూడో రోజు గోరుతో నొక్కితే గోరు దిగిపోయింది. వారానికి అచ్చు విప్పితే మొత్తం కుప్పకూలింది. తీపి తగిలితే సిమెంటు బిగుసుకోదట, నాలుగు కిలోలకి ఆ మాత్రం బెల్లం చాలు చెడగొట్టడానికి. బాబాయ్‌కి చెప్తే ఒకటే నవ్వు. "పాత రోజుల్లో సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి గానుగ పట్టేవాళ్ళం. నువ్వు సిమెంటుకి పెట్టావు నైవేద్యం" అన్నారు. అప్పటినుంచి సిమెంటు బకెట్ వేరు, దాని మీద ఎర్ర పెయింటుతో గుర్తు.

అచ్చు వేసవిలో ఒక రోజుకి, చలికాలంలో రెండు రోజులకి విప్పొచ్చు. ముందు లోపలిదాన్ని మెల్లగా మెలితిప్పి తీయండి. రాకపోతే బలవంతం చేయకండి, ఇంకో పూట ఆగండి. విప్పినప్పుడు కుండీ గట్టిగానే కనిపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతాం. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు మీద మళ్ళు కట్టి నీళ్ళు నిలబెడతారు చూడండి, దీనికీ అదే అవసరం. నీడలో పెట్టి, తడి గోనెసంచి చుట్టి, కనీసం 7 రోజులు ఆరకుండా తడుపుతూ ఉండాలి. బస్తా మీద పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) అని ఉంటే 10 రోజులు. నా మూడు కుండీలు బీటలిచ్చింది దీనివల్లే. పోసిన మర్నాడే తణుకులో పెళ్ళికి వెళ్ళి, రెండు రోజుల తర్వాత వచ్చాం. గోనె ఎండి అట్టకట్టుకుపోయింది, కుండీల అంచు నుంచి కిందికి వెంట్రుకంత గీతలు. మొదటి వానాకాలానికి ఆ గీతల్లోంచే విడిపోయాయి. ఊరెళ్ళక తప్పకపోతే తడి గోనె మీద పాలిథిన్ కవరు కప్పి, తాడు కట్టి వెళ్ళండి.

జత కుదరని పెద్ద కుండీలు కొన్ని మిగులుతాయి. వాటికి చికెన్ మెష్ కొనండి. గోడకీ పిల్లర్‌కీ మధ్య ప్లాస్టరింగ్ చేసేముందు మేస్త్రీలు కొడతారే, అదే వల. కుండీ చుట్టూ చుట్టి, అంచు మీదుగా రెండంగుళాలు లోపలికి మడిచి, బైండింగ్ వైరుతో బిగించండి. దాని మీద సిమెంటు పాలలో, అంటే నీళ్ళలో పల్చగా కలిపిన సిమెంటులో, ముంచిన గోనెగుడ్డ ఒక చుట్టు, అది బిగిశాక ముప్పావు అంగుళం మందాన మాలు. ఇక్కడ సిమెంటు ప్లాస్టిక్‌ని పట్టుకోదు, వలని పట్టుకుని తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. లోపల ప్లాస్టిక్కు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. ఇనుప వల మీద సిమెంటు పోయడమనే ఉపాయానికి 1867లో పేటెంటు తీసుకున్నది జోసెఫ్ మోనియే అనే ఫ్రెంచి తోటమాలి. ఆ పేటెంటు మొక్కల తొట్లకే. ఇప్పుడు మనం కట్టుకునే ఆర్‌సీసీ ఇళ్ళకి దారి వేసినవాళ్ళలో ఆయనొకడు. ఈ ముక్క మా వారికి చెప్పాకే నా కుండీల పిచ్చికి ఇంట్లో కాస్త గౌరవం వచ్చింది.

పాత తువ్వాలుని సిమెంటు పాలలో ముంచి, బోర్లించిన కుండీ మీద ఆరేసే పద్ధతి కూడా అడిగారు. ఫోటోకి బాగుంటుంది. నేను చేసినవి రెండూ పల్చగా వచ్చి అంచులు విరిగాయి, మానేశాను.

అందం సంగతికొస్తే, నాకు అన్నిటికంటే నచ్చింది చేమాకు. మాలు నింపేముందు పెద్ద కుండీ లోపలి గోడకి, నూనె మీదే, ఆకుని అతికించండి. ఈనెలు ఉబ్బెత్తుగా ఉన్న వెనకవైపు మాలుకి తగలాలి. అచ్చు విప్పాక ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది. తొడిమ దగ్గర గోరుతో లేపి మెల్లగా ఒలిస్తే, నడిమి ఈనె, దాన్నుంచి చీలిన పిల్ల ఈనెలు, ఒక మూల పురుగు కొరికిన చిల్లు కూడా, అన్నీ సిమెంటులో దిగి ఉంటాయి. నేను ఆ పల్లంలో ఎర్ర ఆక్సైడ్ పొడిని నీళ్ళలో కలిపి రుద్ది, పైపైన తడిగుడ్డతో తుడిచేస్తాను. ఈనెల్లో మాత్రమే ఎరుపు మిగులుతుంది. మొత్తం కుండీకి రంగు వేయాలంటే నెల రోజులు ఆగి, ప్రైమర్ కొట్టి, బయటి గోడలకి వేసే ఎమల్షన్ వేయండి. లేత రంగులైతే వేసవిలో వేళ్ళు ఉడికిపోకుండా ఉంటాయి. పగిలిన గాజు ముక్కలు తాపడం చేస్తే మెరుస్తాయి కానీ పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు.

మొక్కల విషయం. కొత్త సిమెంటులో సున్నం గుణం చాలా ఎక్కువ. వెంటనే మట్టి నింపి నాటకండి. తడపడం అయిపోయాక చిల్లు మూసి నిండా నీళ్ళు పోసి, రోజూ పారబోసి మళ్ళీ పోయండి, రెండు వారాలు. మొదట్లో ఆ నీళ్ళు వేళ్ళకి సబ్బు నీళ్ళలా జారుగా తగులుతాయి, లోపల తెల్లగా చారలు కడతాయి, కొబ్బరిపీచుతో రుద్దేయండి. ఇంత చేసినా నూరువరహాల మొక్క నాకు కలిసిరాలేదు. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యంతా పసుపు పచ్చగా పాలిపోయాయి. దానికి పుల్లటి నేల కావాలి, మట్టి కుండీలోకి మార్చాక రెండు నెలలకి తేరుకుంది. కాగితం పూలు, అడీనియం, కలబంద, స్నేక్ ప్లాంట్ మాత్రం నిక్షేపంలా ఉన్నాయి.

చేతులకి రబ్బరు గ్లౌజులు వేసుకోండి. మొదటిసారి వట్టి చేతుల్తో పిసికాను. వేళ్ళ సందులు పుండ్లు పడి, వారం పాటు చారు అన్నం చెంచాతో తిన్నాను. పిల్లలకి ఆకు అతికించే పని ఇవ్వండి, మాలు దగ్గరికి మాత్రం రానివ్వకండి.

ఇక డాబా. అంగుళం మందం ఉన్న 12 అంగుళాల ఖాళీ కుండీ దగ్గర దగ్గర 15 కిలోలు తూగుతుంది. తడి మట్టితో కలిపితే 35 దాకా వెళ్తుంది. మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకి 150 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు, అంటే మీటరు చోటులో నాలుగు కుండీలకే దాదాపు నిండినట్టు. అందుకని నడిమధ్యన గుంపుగా పెట్టకండి. కింద గోడలూ దూలాలూ ఉన్న వరసలోనే, పిట్టగోడ పక్కన సర్దుకోండి, పిట్టగోడ మీద మాత్రం ఎక్కించకండి. ఇల్లు పాతదైతే ఇంజనీరుకి ఒకసారి చూపించాకే పెట్టండి. మట్టిలో మూడో వంతు కొబ్బరి పొట్టు కలిపితే కాస్త తేలిక. కుండీ అడుగున మూడు ఇటుక ముక్కలు పెడితే నీళ్ళు నిలవవు, స్లాబు చెమ్మ పట్టదు. కుండీని ఖాళీగానే పైకి మోయండి, మట్టి పైకెళ్ళాక నింపుకోండి. మొదటిదాన్ని నేను కిందే నింపి, మొక్క నాటి, ముస్తాబు చేసి, మా వారి చేత రెండు అంతస్తులు ఎక్కించాను. ఆయన నడుముకి నాలుగు రోజులు కాపడం పెట్టాల్సి వచ్చింది.