పాత క్యామ్రీలో ఏ ఏటీఎఫ్ పోయాలి: బాబాయి ఉత్తరం

తల్లీ,

సెకండ్‌హ్యాండ్ క్యామ్రీ కొన్నావనీ, గేరు మారేటప్పుడు కుదుపు వస్తోందనీ, షాపులో "అన్ని కార్లకూ పనికొస్తుంది" అంటూ ఒక ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్) డబ్బా అంటగట్టారనీ రాశావు. ఆ డబ్బా మూత తియ్యకు. ముందు నీ బండిలో ఏ గేర్‌బాక్స్ ఉందో తేలాలి.

అమెరికాలో 2002 నుంచి 2006 దాకా వచ్చిన క్యామ్రీలు పైకి దాదాపు ఒక్కలాగే కనిపిస్తాయి. నీ బండిలాంటి నాలుగు సిలిండర్ల వాటిలో ఇంజనూ అదే, 2.4 లీటర్లది. గేర్‌బాక్స్ మాత్రం మారింది. 2004 మోడల్ వరకు నాలుగు గేర్ల యు241ఈ, 2005 నుంచి ఐదు గేర్ల యు250ఈ. మొదటిదానికి టైప్ టి-4 అనే ఏటీఎఫ్ పొయ్యాలి (డబ్బా మీద 4 బదులు రోమన్ అంకె IV ఉంటుంది). రెండోదానికి డబ్ల్యూఎస్ అనేది. రెండూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి రంగు చూసి పోల్చుకోలేవు. డబ్ల్యూఎస్ పల్చన. ఒకదాని బదులు ఇంకోటి పొయ్యొద్దని టొయోటా వాళ్లే చెబుతారు.

"2004లో కొన్న బండి" అన్న పాత ఓనరు మాట చాలదు. 2005 మోడల్ బండ్లు 2004లోనే అమ్మకానికొచ్చాయి. ముందు అద్దం కింద, డ్రైవర్ వైపు మూలన విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) ఉంటుంది. అందులో పదో స్థానంలో 4 ఉంటే 2004 మోడల్, 5 అయితే 2005. తర్వాత డ్రైవర్ తలుపు తెరిచి, స్తంభం మీది స్టిక్కర్లో ఏ/టీఎమ్ అన్నచోట చూడు, గేర్‌బాక్స్ కోడ్ కనిపిస్తుంది. చివరగా డిప్‌స్టిక్ (గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తీసి, తుడిచి చదువు, ఏ ఆయిల్ వాడాలో దాని మీదే ఉంటుంది. ఈ మూడూ ఒకే మాట చెబితేనే కొను. పొంతన కుదరకపోతే ఎప్పుడో వేరే బండి గేర్‌బాక్స్ తెచ్చి బిగించి ఉండొచ్చు. అప్పుడు కింద గేర్‌బాక్స్‌నే చూడాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఏటీఎఫ్ పని గేర్లు అరగకుండా చూడటం ఒక్కటే కాదు. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్లో ఇంజన్ బలాన్ని ముందుకు పంపేది అదే, ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను బిగించేదీ అదే. ఆ ప్లేట్లు ఎంత జారాలో, ఎప్పుడు పట్టాలో దానిలో కలిపిన రసాయనాల మీద ఆధారపడి ఉంటుంది. తేడా ఆయిల్ పోస్తే పట్టు తప్పుతుంది, కుదుపో వణుకో మొదలవుతుంది. నీకిప్పుడు వస్తున్న కుదుపు కూడా పాత ఓనరు ఏదో ఒకటి పోసినందువల్ల కావచ్చు.

టి-4 అని తేలితే టొయోటా డబ్బానే కొను. వేరే కంపెనీదైతే జేడబ్ల్యూఎస్ 3309 అని ఉండాలి, టి-4కి గేర్‌బాక్స్‌లు తయారుచేసే ఐసిన్ కంపెనీ పెట్టిన ప్రమాణం అది. డబ్ల్యూఎస్‌కైతే 3324. అన్నిటికీ పనికొస్తుందనే డబ్బాలను నేను నమ్మను. మిగిలేది కొద్ది డాలర్లు, గేర్‌బాక్స్ పోతే ఆ బండి ఖరీదంత అవుతుంది.

డ్రెయిన్ బోల్టు విప్పితే సుమారు మూడున్నర లీటర్లే దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్లోనే ఉండిపోతుంది. ఎంత దిగిందో కొలిచి అంతే పొయ్యి. కొన్ని వారాలు నడిపాక ఇంకోసారి మార్చు. ఎన్నాళ్లుగా మార్చలేదో తెలియని బండికి మిషన్‌తో ఫ్లష్ చేయించడం (పాత ఆయిల్ మొత్తాన్ని ఒకేసారి తోసెయ్యడం) నాకిష్టం లేదు.

లెవెల్ చూసేటప్పుడు బండి బాగా తిరిగి వేడెక్కి ఉండాలి. చదునైన చోట ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, బ్రేకు తొక్కి లివర్ని పి నుంచి ఎల్ దాకా ఒక్కో గేరులో ఆపుతూ తీసుకెళ్లి మళ్లీ పి లోకి తే. అప్పుడు డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడు. ఆయిల్ దాని మీద "హాట్" అని ఉన్న గీతల మధ్య ఉంటే చాలు, ఎక్కువ పొయ్యొద్దు.

ఆయిల్ నల్లగా మారి మాడు వాసన వస్తే మాత్రం ఏ డబ్బా కొనకు. ప్లేట్లు కాలుతున్నాయన్నమాట, కొత్త ఆయిల్ దాన్ని బాగుచెయ్యదు. గేర్‌బాక్స్‌లు విప్పే వాడికే చూపించు.

రేపు వెలుతురులో స్టిక్కరుకీ, డిప్‌స్టిక్ రెండు వైపులా ఫొటోలు తీసి పంపు. తెల్ల కాగితం మీద ఒక చుక్క ఆయిల్ వేసి దాని ఫొటో కూడా.

మీ బాబాయి