రీఫ్ ట్యాంకుల పాచికి మందు అడగకుండ్రి, ముందు రోజూ పోసే నీళ్లు చూడుండ్రి

మీరు అడిగింది ఇది: సాల్ట్ వాటర్ రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంక్, కొత్తగ పెట్టిన, మొదలు ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు పొర వచ్చింది, ఇప్పుడు పచ్చటి వెంట్రుకల పాచి పెరుగుతున్నది, ఏ మందు వేస్తే పోతది అని. మందు వద్దు. మాది నల్లగొండ, ఇంట్ల రీఫ్ ట్యాంక్ నడవబట్టి కొన్నేళ్లయింది, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ దిక్కు ఎవరు ఉప్పునీళ్ల ట్యాంక్ పెట్టినా పాచి పట్టంగనే ఫోన్ నాకే వస్తది, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న, మన దిక్కు పాచికి పదింట తొమ్మిదిసార్లు కారణం ట్యాంకుల లేదు, రోజూ పోసే నీళ్ల క్యాన్ల ఉన్నది.

మా బావమరిది సంగతి చెప్తా, మీకే అర్థమైతది. వాళ్లది మిర్యాలగూడ. 200 లీటర్ల ట్యాంక్, నురుగుతోని మురికి తీసే మంచి స్కిమ్మర్, మంచి లైట్, పైసలకు వెనక్కి చూడలేదు. మే నెలల ఫోన్ చేసిండు, "బావా, నువ్వొకసారి వచ్చి సూడు, ఇగ నాతోని కాదు" అని. పోయి చూస్తే రాళ్లు కనపడ్తలేవు, అంతా పచ్చగ జడలు జడలుగ ఊగుతున్నది, ఆ కింద ఇసుక మీద ఎర్రటి జిగురు పొర. మా అత్తమ్మ నేను చెప్పులు ఇడవకముందే అందుకున్నది, "గింత పైసలు పోసి ఇంట్ల పాకురు పట్టిన దిగుడుబాయి పెట్టుకున్నడు సూడు కొడుకా" అని. వీడు అప్పటికే సిటీల ఒక షాపాయన ఇచ్చిన సీసా మందు పోసిండు. రెండు దినాలు శుభ్రంగ అయిందట, మళ్ల అంతకంటె ఎక్కువ వచ్చింది, నడుమ నత్తలన్నీ సచ్చినయి. రాదా మరి? మందుతోని సచ్చిన పాచి ఎటు పోతది, ఆ నీళ్లల్లనే కుళ్లుతది, కుళ్లితే ఆక్సిజన్ గుంజుకుంటది, అది తిన్న నైట్రేట్, ఫాస్ఫేట్ మళ్ల నీళ్లల్లకే వస్తయి, కొత్త పాచి అదే తిని లేస్తది. ఆ సీసాలల్ల కొన్నిట్ల రాగి కూడ ఉంటది, మంచినీళ్ల చేపల ట్యాంకుల కోసం చేసినయి తెచ్చి రీఫ్‌ల పోస్తరు, రాగి తగిలితే నత్తలు, రొయ్యలు, పగడాలు బతకవు. అమ్మేటాయనకు ఈ ముచ్చట తెల్వదా అంటే తెలుసు, తెలిసి అమ్ముతడు, నాకు మంట అక్కడ.

వాడు టెస్ట్ కిట్ తెచ్చి చూపించిండు. "నైట్రేట్ జీరో, ఫాస్ఫేట్ జీరో బావా, మరి ఇది ఏం తిని పెరుగుతున్నది?" అన్నడు. ఇది అందరూ అడిగేదే. నీళ్లల్ల జీరో ఉన్నదంటే పాచి అప్పటికే తినేసింది అని అర్థం, రాలేదని కాదు. లోపలికి వచ్చింది వచ్చినట్టు దాని పొట్టలకే పోతున్నది, కిట్‌కు మిగిలేదేమున్నది.

మరి వస్తున్నది ఎటుకెల్లి అని చూస్తే మూలకు 20 లీటర్ల క్యాన్లు వరుసగ ఉన్నయి, వీధిల వాటర్ ప్లాంట్‌వి. "ఆర్‌ఓ నీళ్లే బావా, ప్యూర్" అన్నడు. నా టీడీఎస్ మీటర్, అంటే లీటరు నీళ్లల్ల ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నయో చూపేది, జేబులనే ఉంటది, వాణ్ని బండెక్కించుకొని సీదా ప్లాంట్ కాడికే పోయినం. ఆయన పద్ధతిగల్ల మనిషే. "అన్నా, మీ నీళ్లు టీడీఎస్ ఎంతుంటది" అంటే "జీరో సార్" అన్నడు. ఆయన ముందటనే నల్లా కింద గ్లాసు పట్టి మీటర్ ముంచినం, 86. జర నవ్వి అన్నడు, "జీరో పెడితే సప్పగుంటయ్ సార్, ఎవరూ తాగరు, అందుకే జర బోరు నీళ్లు కలుపుతం." తాగడానికి ఆయన చేసింది తప్పేం లేదు, తాగునీళ్లకు మన దేశం స్టాండర్డ్‌ల టీడీఎస్ 500 దాకా మంచిదే అంటరు. కాని రీఫ్ ట్యాంకుల పోసే నీళ్లకు కావాల్సింది జీరో, 86 కాదు, 20 కూడ కాదు.

ఎందుకంటే నీళ్లు ఆవిరైపోతయి, నీళ్లల్ల ఉన్నయి ఆవిరి కావు. ఇది ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా దొరుకుతది. మన ఎండలకు, అందుల ట్యాంక్ మీద ఫ్యాన్ పెడ్తం కదా వేడి తగ్గాలని, రోజుకు నాలుగు లీటర్లు గాలిల కలుస్తయి, ఆ నాలుగు లీటర్లు క్యాన్లకెల్లి పోస్తం. ఆ నీళ్లల్ల లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్నదనుకోండ్రి, నెలకు 1200 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టు, 200 లీటర్ల ట్యాంకుల లీటరుకు 6 పెరిగినట్టు. చేపలకు వేసే మేత లెక్క మళ్ల వేరే. మనదంతా గ్రానైట్ నేల, బోర్లల్లకు ఫ్లోరైడ్ ఎట్ల రాళ్లకెల్లే దిగుతదో సిలికా (సిలికేట్) గూడ అట్లనే దిగుతది, మొదలు వచ్చే గోధుమరంగు పొర పెరిగేది దానితోనే, పైనకెల్లి యూరియా, పేడదిబ్బల నైట్రేట్ ఇంకుతది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టినరు, నల్గొండ టెక్నిక్ అని, నీళ్ల బాధ మనకంటె ఎక్కువ ఎవరికి తెలుసు, అయినా వేలకు వేలు పెట్టి లైట్ కొంటరు గాని నీళ్లు కొలిచే చిన్న మీటర్ కొనరు.

బావమరిదికి నేను చేయించింది పెద్దదేం కాదు. అదే ప్లాంట్ నీళ్లు తెచ్చుకో, కాని ట్యాంకుల పోసే ముందు, మిగిలిన లవణాలను పట్టే సన్న గింజలుండే ఒక డీఐ రెజిన్ కార్ట్రిడ్జ్‌లకెల్లి మెల్లగ వడగట్టు అన్న. ఆర్‌ఓ మెంబ్రేన్ చాలా మట్టుకు ఆపుతది గాని సిలికేట్, నైట్రేట్ కొంత దాటుతయి, వాటిని పట్టేది డీఐ. రంగు మారే రెజిన్ తీసుకోండ్రి, రంగు మొత్తం మారేదాక ఆగకుండ్రి, ఎందుకంటే రెజిన్ అయిపోవస్తుంటే మొట్టమొదలు వదిలేది సిలికేట్‌నే, దాన్ని మీటర్ సరిగ పట్టదు, మీటర్ జీరో చూపిస్తుంటది, గోధుమరంగు మళ్ల వస్తుంటది. ఇంట్లనే ఆర్‌ఓ‌డీఐ పెట్టుకుంటే ఇంకా మంచిది కాని లీటరుకు మూడు లీటర్లదాకా వేస్ట్ పోతది, ఎండాకాలం మన దిక్కు అట్ల మోరీల వదలబుద్ధి కాదు, డ్రమ్ముల పట్టి బాత్రూంలకు, ఇల్లు కడగడానికి వాడుకోండ్రి. ఏసీకెల్లి కారే నీళ్లు టీడీఎస్ తక్కువ చూపిస్తయని అవి పోసేటోళ్లున్నరు, ఆ కాయిల్‌ల రాగి ఉంటది, దాని జోలికి పోకుండ్రి. సూర్యలంక పోయినప్పుడు సముద్రం నీళ్లు క్యాన్లల్ల తెచ్చుకుంటమని కూడ అడుగుతరు, ఒడ్డు కాడి నీళ్లల్లకు కాలువలు, రొయ్యల చెరువుల నీళ్లన్నీ వచ్చి కలుస్తయి, మంచి సాల్ట్ మిక్స్ జీరో నీళ్లల్ల 35 పీపీటీకి (వెయ్యి పాళ్లల్ల 35 పాళ్లు ఉప్పు, సముద్రమంత) కలుపుకునుడే నయం.

ఆ దినమే ఇద్దరం కూసోని చేతితోని పీకినం. రాయి బయటికి తీసి, బకెట్ల ట్యాంక్ నీళ్లే పోసుకొని, టూత్ బ్రష్‌తోని రుద్ది, ఆ నీళ్లు పారబోసి, ఇసుక మీది ఎర్ర జిగురును సన్న పైపుతోని గుంజినం. చేతితోని పీకి బయట పారేస్తే అది తిన్న నైట్రేట్, ఫాస్ఫేట్ దానితోనే పోతయి, మందుకు దీనికి తేడా అదే. లైట్ పన్నెండు గంటలు పెట్టుకుంటున్నడు, ఏడు గంటలకు తగ్గించి తెల్ల లైట్ సగం చేసినం. ఫ్రోజెన్ మేత ఆ రసంతోనే పోసుడు బంద్ చేసి జాలిల కడిగి వేయమన్న. కొత్త నత్తలు, టర్బో గాని ట్రోకస్ గాని, పాచి పొట్టిగ అయినంకనే తెమ్మన్న, పొడుగు వెంట్రుకలను అవి ముట్టవు.

వెంటనే ఏం కాలేదు. వానలు పడేటాలకు పలచబడ్డది. బతుకమ్మ పండుగకు పోయినప్పుడు చూస్తే రాళ్ల మీద గులాబి రంగు మచ్చలు, అది కోరలైన్, అది గూడ ఆల్గేనే కాని మనకు కావాల్సింది, అది పట్టిన జాగల పచ్చది అంత తేలికగ నిలవదు.

ఇంకొకటి, బయటి దేశాల వీడియోలు చూసి వాళ్లకు రెండు నెలలల్ల తేటగ అయింది మాకెందుకు కాలేదు అని బాధపడకుండ్రి. వాళ్లల్ల కొంతమంది సముద్రంకెల్లి తీసిన లైవ్ రాక్‌తోని మొదలుపెడ్తరు, దాని మీద బ్యాక్టీరియా, చిన్న పురుగులు అన్నీ ముందే ఉంటయి. మనం పెట్టేది ఎండు రాయి, ఖాళీ రాయి, ఎవరు ముందొస్తే వాళ్లది, ముందొచ్చేది పాచినే. ఎవరన్న మన సముద్రం లైవ్ రాక్, పగడాలు అమ్ముతమంటే మాత్రం ముట్టకుండ్రి, రీఫ్ కట్టే పగడాలను 2001ల వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1ల పెట్టినరు, కేసైతది, అది అట్లుంచితే అక్కడి రీఫ్ పాడుచేసి మనింట్ల రీఫ్ పెట్టుడేంది.

మీ దానికి వస్తే, గోధుమరంగు పోతున్నది పచ్చది వస్తున్నది అంటే ట్యాంక్ దాని దారిల అది పోతున్నది, భయపడేదేం లేదు. ఫాస్ఫేట్ తీసే జీఎఫ్ఓ సంచులు గిట్ల ఇప్పుడే వేసి జీరో చేయాలని చూడకుండ్రి, ట్యాంక్ నీళ్లల్ల లీటరుకు నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల నడుమ ఉండనియ్యుండ్రి, రెండూ జీరో చేస్తే డైనోలు వస్తయి, బుడగలు పట్టుకొని తీగలు తీగలుగ సాగే జిగురు, దాని ముందట ఈ పచ్చ పాచి చాలా నయం. వెంట్రుక ఒక్కటే పోగు కాకుండ ఈకల తీరుగ చీలి ఉన్నదంటే మాత్రం అది బ్రయాప్సిస్ అనే వేరే పాచి, దానికి పీకుడు, లైట్ తగ్గించుడు పనిచేయవు, ఆ లెక్కనే వేరే. అందుకే ఒక పోగు తీసి తెల్ల ప్లేట్‌ల నీళ్లల్ల పెట్టి దగ్గరికెల్లి ఫోటో కొట్టుండ్రి, దానితోపాటు మీరు పోసే నీళ్లు టీడీఎస్ ఎంతనో కొలిచి చెప్పుండ్రి, ప్లాంటాయన చెప్పింది కాదు, మీ మీటర్ చూపించింది.