నాన్న జీపు, చిట్టీ పాట, తొమ్మిది వేల రూపాయల రబ్బర్లు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంటెంట్‌ని, జీతం 46 వేలు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. నాన్న సాగర్ ఎడమ కాలువ పనుల్లో చిన్న కాంట్రాక్టరు. 1986 డిసెంబరులో ఆయన కొన్న మహీంద్రా డీజిల్ జీపు ఇంకా మా దగ్గరే ఉంది. నాన్న పోయి రెండేళ్లయింది. ఆర్సీ, ఇన్సూరెన్స్ ఆయన పేరు మీదే నడుస్తున్నాయి. ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కింద నుంచి ధడ్‌మని శబ్దం వస్తోంది, బాడీ ఒక పక్కకు ఒరిగింది. బాడీకి, చాసీకి (బండిని మోసే కింది ఇనుప చట్రానికి) మధ్య ఉండే రబ్బరు బుష్‌లన్నీ పోయాయని విజయవాడ ఆటోనగర్‌లో చెప్పారు. బుష్‌లు, బోల్టులు 9 వేలు, బాడీ లేపి బిగించే కూలి 14 వేలు, టింకరింగ్ (రేకు పని), వెల్డింగ్ 40 వేలు, పెయింటింగ్ 85 వేలు, సీట్లు, హుడ్ 35 వేలు, టైర్లు 42 వేలు, మొత్తం 2.25 లక్షలు అన్నారు. మా ఊరి మెకానిక్ మాత్రం లారీ టైరు ముక్కలు కోసి పెడతాను, సామానుకు 2 వేలు చాలు అంటున్నాడు. నాకు 3 లక్షల చిట్టీ ఉంది. 30 నెలల చిట్టీలో ఇది 12వ నెల. 72 వేలు తగ్గించి పాడితే పని అయిపోతుంది. బాగు చేయిస్తే 6 లక్షలు పలుకుతుందని, పెళ్లి ఫొటో షూట్లకు కిరాయికి కూడా ఇవ్వచ్చని మా బావమరిది అంటాడు. ఎఫ్‌డీ 1.5 లక్షలు ఉంది. హెల్త్ పాలసీ లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చిట్టీ ఎత్తకండి. బుష్‌లు మాత్రం తప్పకుండా మార్పించండి, అవి కూడా టైరు ముక్కలతో కాదు.

ముందు చిట్టీ లెక్క చూద్దాం. 72 వేలు వదులుకుని పాడితే చేతికి వచ్చేది 2 లక్షల 28 వేలు. చివరి నెల దాకా ఆగితే, కమీషన్ 5 శాతం అనుకుంటే, 2 లక్షల 85 వేలు వస్తాయి. మీరు కట్టాల్సిన వాయిదాలు రెండు విధాలా అంతే. అంటే 18 నెలలు ముందు తీసుకున్నందుకు 57 వేలు ఇచ్చుకుంటున్నారు. ఏడాదికి దాదాపు 16 శాతం వడ్డీతో సమానం. పిల్లల ఫీజుకో ఆపరేషనుకో అయితే నేనే పాడమనేవాణ్ని. జీపు పెయింటుకు 16 శాతం వడ్డీ ఎవరైనా కడతారా? పైగా చిట్టీ ఎత్తాక ష్యూరిటీ సంతకాలకు ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి.

ఇక రబ్బర్ల సంగతి. జీపులో బాడీ వేరు, చాసీ వేరు. అంబాసిడర్, పద్మిని లాంటి కార్లలో రెండూ ఒకే ముక్క, అందుకే వాటికి ఈ తరహా బుష్‌లు ఉండవు. జీపు బాడీని చాసీ మీద కూర్చోబెట్టి మధ్యలో రబ్బరు పెట్టి బోల్టుతో బిగిస్తారు. 40 ఏళ్లకు ఆ రబ్బరు గట్టిపడి, పగిలి, నలిగి పలచబడుతుంది. అప్పుడు ఇనుము ఇనుముకు తగులుతుంది. మీకు వినిపించే ధడ్ శబ్దం అదే. అలాగే నడిపిస్తూ పోతే బోల్టు రంధ్రం సాగుతుంది, దాని చుట్టూ రేకు చిరుగుతుంది. ఈ రోజు రబ్బరు ఖర్చుతో పోయేది రేపు వెల్డింగ్ ఖర్చు అవుతుంది. మొత్తం జాబితాలో వాయిదా వేస్తే పెరిగే ఖర్చు ముఖ్యంగా ఇదే. పెయింటు ఏడాది ఆగితే జీపుకు ఏమీ కాదు.

టైరు ముక్కలు పెట్టిస్తే 7 వేలు మిగులుతాయని మీకు అనిపిస్తోంది. కానీ రబ్బరు ఏదైనా బాడీ లేపే పని ఒకటే. కొన్ని రోజుల ముందు నుంచే బోల్టులకు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి నానబెట్టాలి. లేపితే లాగబడే స్టీరింగ్ కప్లింగు, బ్రేకు గొట్టాలు, వైర్లు, రేడియేటర్ హోసులు చూసుకుని వదులు చేయాలి. అన్ని బోల్టులూ వదిలించాక చెక్క దిమ్మె పెట్టి జాకీతో ఒక్కో పక్క కొంచెం కొంచెంగా ఎత్తాలి. ఈ కూలి 14 వేలు మీ ఊళ్లో కాస్త తగ్గవచ్చు, అంతే. కోసిన టైరు ముక్కలు అన్నీ ఒకే మందంలో రావు. ఒకటి పలచగా, ఒకటి దళసరిగా ఉంటే బాడీ మళ్లీ ఒరుగుతుంది, బోల్టు వదులవుతుంది, ఏడాది తిరక్కుండా అదే కూలి మళ్లీ కట్టాలి. సామాను చవకై కూలి ఎక్కువైన చోట సామానులో పొదుపు చేయడం అకౌంటెంటుగా మీరు మీ మిల్లులోనే ఒప్పుకోరు. అందుకే సగం బుష్‌లు ఇప్పుడు, సగం తర్వాత అనుకోవద్దు. బాడీ లేచినప్పుడే అన్నీ మార్చేయాలి, బోల్టులు కూడా కొత్తవే వేయాలి. పాలీయురేథేన్ (రబ్బరులాంటి గట్టి ప్లాస్టిక్) బుష్‌లు వేయమని ఎవరైనా అంటే, అవి ఎక్కువ కాలం వస్తాయి, నిజమే. గట్టిగా ఉంటాయి కాబట్టి అదురు కూడా ఎక్కువ తెలుస్తుంది. నెలకు రెండు మూడుసార్లు తీసే బండికి మంచి రబ్బరు చాలు.

మీ కొటేషన్‌లో నాకు నమ్మకం లేనిది ఒకటే అంకె, టింకరింగ్ 40 వేలు. మెకానిక్ మోసం చేస్తున్నాడని కాదు. బోల్టు విప్పేదాకా ఆ అంకె ఎవరికీ తెలియదు. బోల్టు తుప్పుతో తెగవచ్చు. కొన్ని చోట్ల నట్టు రేకుకే వెల్డింగ్ చేసి ఉంటుంది, అది ఊడి బోల్టుతో పాటు తిరిగితే ఫ్లోరు కోయాల్సి వస్తుంది. బుష్ కూర్చునే చోట రేకు పొరలు పొరలుగా రాలవచ్చు. 15 వేలతో తేలవచ్చు, 80 వేలు కావచ్చు. మా నాన్న పాత స్కూటరుకు 6 వేలు అని మొదలుపెట్టి, కింద పలక తీశాక 19 వేలు కట్టి వచ్చినవాణ్ని నేను. అప్పటి నుంచి తుప్పు ఉన్న బండికి కొటేషన్ అంటే అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంటాను. అలాంటి ఖర్చుకు ముందే 2.28 లక్షలు చేతిలో పెట్టుకుని వెళితే ఏమవుతుందో తెలుసు కదా, టింకరింగ్ ఎంత పెరిగినా డబ్బు ఉంది కాబట్టి సరేనంటారు.

కాబట్టి ఇప్పుడే ఒక పని చేయించండి. రోజు కూలి ఇచ్చి, బాడీ బాగా ఒరిగిన వైపు రెండు బోల్టులు విప్పించి చూడండి. కింద పడుకుని సుత్తితో చాసీ, ఫ్లోరు తట్టి చూస్తే ఎక్కడ ఖంగుమంటోందో, ఎక్కడ మొద్దుగా పలుకుతోందో అనుభవం ఉన్న టింకర్ చెప్పేస్తాడు. రెండు వేలలోపు ఖర్చుతో 40 వేల అంకె సగం తేలుతుంది.

కానీ జీపు కన్నా ముందు కాగితాలు. అసలు నన్ను టెన్షన్ పెట్టింది ఇదే. ఓనరు చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి, 3 నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఓనరు పోయాక ఆయన పేరు మీది ఇన్సూరెన్స్ చెల్లేది 3 నెలలు, లేదా పాలసీ గడువు దాకా, ఏది ముందైతే అది. మీరు రెండేళ్లుగా పోయిన మనిషి పేరున ప్రీమియం కడుతున్నారు. రేపు అద్దంకి రోడ్డు మీద ఎవరికైనా తగిలితే ఆ పాలసీ మీద పేచీ తప్పదు, ఆ పరిహారం భారం మీ ఎఫ్‌డీ దాకా రావచ్చు. అమ్మ, తోబుట్టువులు ఉంటే వాళ్ల సమ్మతి పత్రాలతో జీపు మీ పేరు మీదకు మార్చుకోండి. అందాకా బండి షెడ్డు దాటకూడదు. మీ జీపు ఇంజను 1500 సీసీ దాటినది, కనుక థర్డ్ పార్టీ ప్రీమియం 7,897 రూపాయలు, జీఎస్టీ కలిపితే సుమారు 9,300. ఈ డిసెంబరుతో 40 ఏళ్లు నిండుతాయి, ఆర్సీ రెన్యువల్ కూడా అప్పుడే వస్తుంది. 20 ఏళ్లు దాటిన కారు, జీపులకు ఆ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేలు చేసింది. గ్రీన్ ట్యాక్స్ వేరే.

వింటేజ్ నంబరు (పాతకాలపు బండ్లకిచ్చే ప్రత్యేక నంబరు) ఆశ ఉంటే అది ఇంకో పదేళ్ల మాట. కేంద్రం 2021లో పెట్టిన రూల్ ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి. దాటినా రోజూ తిప్పకూడదు, కిరాయికి అసలే కూడదు. ఇప్పుడైనా తెల్ల బోర్డు (సొంత వాడకం) బండిని కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీకి అదే సాకు. 6 లక్షల మాటకు నా సమాధానం ఒకటే: కొనేవాణ్ని తీసుకురమ్మని బావమరిదికి చెప్పండి. ఒకవేళ నిజంగానే అమ్మితే, సొంత వాడకం బండి మీద లాభానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. నష్టం వస్తే దాన్ని ఎక్కడా చూపించుకోలేరు కూడా. దీన్ని పెట్టుబడి పద్దులో రాయకండి. నాన్న గుర్తు కోసం పెట్టే ఖర్చు అని రాయండి, అందులో తప్పేమీ లేదు.

డబ్బు ఇలా సర్దండి. ఈ నెల నుంచి 8 వేల ఆర్‌డీ మొదలుపెట్టండి. చిట్టీ వాయిదా పోను అది కష్టమే, చిట్టీలో డివిడెండ్ వచ్చిన నెల ఆ మిగులు ఇందులోకే వేయండి. తొమ్మిది నెలలకు 72 వేలు. పేరు మార్పు, ఇన్సూరెన్స్ ఖర్చు ఈ నెల జీతంలోంచే వెళ్లనివ్వండి. వానలు వెలిసి దసరా దాటాక బాడీ లేపించండి. బుష్‌లు, కూలి, టింకరింగ్ కలిపి 63 వేలు. తుప్పు ఎక్కువ బయటపడితే ఎఫ్‌డీలోంచి 30 వేల దాకా వాడి, తర్వాతి నాలుగు నెలల ఆర్‌డీతో నింపేయండి. అంతకు మించితే పని ఆపి బండి కప్పేయండి. ఆ ఎఫ్‌డీ మీ ఇంటి మూడు నెలల ఖర్చు, దాన్ని జీపుకు రాసివ్వలేం. హెల్త్ పాలసీ కూడా ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల మీద జీఎస్టీ లేదు. అమ్మకు వేరే పాలసీ తీసుకోండి, లేకపోతే ఆమె వయసును బట్టి అందరి ప్రీమియం పెరుగుతుంది.

రెండు బోల్టులు విప్పించిన రోజు ఆ చోట ఫొటో తీసి, టింకర్ చెప్పిన అంకెతో మళ్లీ రాయండి. పెయింటు, సీట్లు, టైర్ల సంగతి 18 నెలల తర్వాత చిట్టీ చేతికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.